ఘటం మైకు

తార్నాకలో ఒక మేడ మీది హాలు.
గోడల నిండా నున్నటి టైల్స్,
చప్పట్లు కొడితే
తిరిగొచ్చి మన చెంపకే తగులుతాయి.

నాలుగింటికే చేరాను.
మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా దగ్గాను.
ఆ దగ్గు ఎక్కడిదాకా పోయిందో
ఎంత లావెక్కి వచ్చిందో విన్నాను.
వాచ్‌మన్ అంజిలప్ప
పాపం, మంచినీళ్లు తెచ్చాడు.

కిందింటావిడని అడిగి మూడు బొంతలు, ఒక రగ్గు
మేకు దొరికిన చోటల్లా వేలాడదీశాను.
కలరా ఉండల వాసన.
నా పెట్టెలో ఇరవైవేల యంత్రం ఉంది,
దానికి చేతకాని పని
ఆ బొంతలు చేసిపెట్టాయి.

ఆరున్నరకి ఒక్కొక్కరే:
గిటారు జోయెల్, వయొలిన్ మృణాళిని,
పాడే సఫియా, గొంతుకి మఫ్లరు చుట్టుకుని.
ఏకాంబరం గారు స్కూటరు మీద,
హెల్మెట్టు తనకి కాదు,
ఘటం మూతి మీద బోర్లించి.

"నా గిటారు నాకే వినపడ్తలేదన్నా, జర పెంచు."
"నా వయొలిన్ కూడా."
పెంచమనే వాళ్లే అందరూ.
పక్కవాడిది తగ్గించమని కూడా అనరు, మర్యాదస్తులు.
స్టేజీ మీది స్పీకరు
నలుగురన్నదమ్ముల ఒంటిగది ఇల్లు.

గిటారులో డబ్బా మోత ఎక్కడుందో వెతికి కోశాను.
వయొలిన్‌లో ఇసుక గరగర ఉంటే కొంచెం చెరిగాను.
సఫియా గొంతు జోలికి పోలేదు,
మైకునే రెండు వేళ్లు దగ్గరికి జరిపాను.
ఒక్కసారి కుయ్యిమంది.
అందరూ నా వైపు తిరిగారు.
నా పనిలో నన్నెవరైనా చూసేది అప్పుడే.

కోఠీ గుజరాతీ గల్లీలో
నాకు సోల్డరింగు నేర్పిన షబ్బీర్ భాయ్ అనేవాడు:
"ఆవాజ్ కు జగా దేవో మియా,
ధక్కా నక్కో దేవో."

అసలీ హాలులో ఘటానికి మైకే అక్కర్లేదు.
ఆ మాట ఎలా చెప్పను?
బంతిలో అందరికీ విస్తరేసి
ఒకాయన్ని వదిలేసినట్టుంటుంది.
నా దగ్గరున్న మంచి మైకే తీసి పెట్టాను.
స్టాండు మూడుసార్లు సరిచేశాను.
ఆయన నాలుగు దెబ్బలేసి
"కొంచెం గుండ్రంగా రానీ బాబూ" అన్నారు.
ఏదో మర తిప్పాను.
"ఆఁ, ఇప్పుడొచ్చింది!"
దాని మీట అట్టడుగునే ఉంది.

నలభై మంది అనుకుంటే డెబ్బై.
బొంతలకన్నా మనుషులు మేలు,
ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు.
గొంతు ఒక వెంట్రుక పెంచాను.
మూడో పాటలో
గూడ్సు బండి వచ్చింది, మౌలాలి వైపు.
సఫియా ఒక స్వరం దగ్గర ఆగి
ఆఖరి పెట్టె దాటేదాకా దాన్నలాగే పట్టుకుంది.
తర్వాత వదిలింది.
నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి,
కదపలేదు.

అయిపోయాక కేబుళ్లు చుడుతున్నాను,
ఒక చుట్టు పైనించి, ఒక చుట్టు కిందనించి.
ఏకాంబరం గారు వచ్చి నా భుజం పట్టుకున్నారు.
"ముప్పయ్యేళ్లలో నా ఘటం ఇట్లా వినలేదు.
ఏం మైకది?"
పేరు చెప్పాను. అబద్ధం కాదుగా.
జేబులోంచి చీటీ తీసి రాసుకున్నారు,
స్పెల్లింగు కూడా అడిగారు.

నెల తిరక్కుండా కొనేశారు.
సైనిక్‌పురిలో ఆరుబయట కచేరీ,
అట్టపెట్టెలోంచి కొత్త మైకు తీసి
రెండు చేతులా నాకిచ్చారు.
ఈసారి మీట నిజంగానే పైకెత్తాను.
ఒళ్లు దగ్గర పెట్టుకుని, నాకు తెలిసిందంతా వాడి.

దిగి వచ్చి, చెమట తుడుచుకుంటూ,
"మైకు అదే. మనిషివీ నువ్వే.
ఆ రోజులా లేదేం?"

"బొంతలు లేవు సార్" అన్నాను.